చన్నీళ్ళతో కాగిన నీళ్ళు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాలుద్దామనుకుంటూ ఉండగా ఫోను మోగింది. చిత్తూరులో ప్లీడరుగా ఉన్న మనిషి, నేను మొట్టమొదట ఉద్యోగం చేసిన పల్లె హైస్కూల్లో అప్పట్లో పదో తరగతి చదివినవాడు, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నా నంబరు పట్టుకున్నాడట. ఆ బడికి కొత్తగా సైన్సు ల్యాబు కట్టారనీ, దానికి అప్పటి మా హెడ్మాస్టరు పేరు పెడుతున్నారనీ, ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళలో ఇంకా మిగిలి ఉన్నది నేనొక్కదాన్నే కనుక ప్రారంభోత్సవానికి వచ్చి నాలుగు మంచిమాటలు చెప్పాలనీ అన్నాడు. అంతటితో ఆగి ఉంటే మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకునేదాన్ని. వాడు ఆగలేదు. "ఆ పొద్దు విజయదశమికి సార్ సన్నీళ్ళు పోసి నీళ్ళు కాగబెట్టి సూపించినాడు గదా టీచర్, ఊరంతా నోరు తెరుచుకోని సూసింది. మీరు పక్కనే ఉణ్ణారు, అది మీరు సెప్తే బాగుంటాది" అన్నాడు. నేను ఔననీ కాదనీ అనకుండా ఫోను పెట్టేశాను.

తిరుపతిలో నేను ఇప్పుడు ఉంటున్నది మా మేనకోడలి ఇంట్లో. నా మొహం చూసి మేనకోడలు సంగతేమిటని అడిగి, అంతా విని, "పోనీలే అత్తా, సచ్చిపోయినోళ్ళ మింద కోపమేంది" అంది. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదన్న నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ కోపం చూపించడానికి నాకు అధికారం లేకపోయింది, ఇప్పుడేమో మర్యాద కాదంటున్నారు. మరి ఇంకెప్పుడు చూపించాలి? ఆ హెడ్మాస్టరు చెయ్యి నీళ్ళు కాగిన ఆ గాజుసీసాను తాకింది బీరువాలో పెట్టి తాళం వెయ్యడానికి మాత్రమే. నీళ్ళు కాగబెట్టింది నేను. నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే వాళ్ళకైనా ఈ ముక్క తెలియాలని రాస్తున్నాను.

మాది చిత్తూరు. మా నాయనకు బెల్లం మండీ ఉండేది. ఇంట్లో బట్టలకూ, దుప్పట్లకూ, మా పుస్తకాలకూ కూడా బెల్లం వాసనే. చదువులో నేను పెద్ద తెలివైనదాన్నేమీ కాదు, బడికి పోవడమంటే ఇంట్లో పని తప్పుతుందన్న సంతోషమే ఎక్కువగా ఉండేది. తొమ్మిదో తరగతిలో మాకు సైన్సు చెప్పడానికి ఒక క్రిస్టియన్ టీచరమ్మ వచ్చింది. తెల్లచీర, నున్నగా దువ్విన తల, ఎన్నడూ గొంతు పెంచని మనిషి. ఆవిడ ఒకరోజు అడుగు గుండ్రంగా, మెడ పొడుగ్గా ఉన్న ఒక గాజుసీసాలో సగం దాకా నీళ్ళు పోసి, తెర్లబెట్టి, పొయ్యిమీదినుంచి దించి, మూతికి రబ్బరు బిరడా గట్టిగా బిగించి, సీసాను తలకిందులుగా స్టాండుకు తగిలించింది. కాసేపటికి లోపల నీళ్ళు సద్దుమణిగాయి. అప్పుడు చెంబెడు చన్నీళ్ళు తెచ్చి ఆ సీసా మీద పోసింది. సద్దుమణిగిన నీళ్ళు మళ్ళీ గళగళమని తెర్లడం మొదలుపెట్టాయి.

పాలు పొంగితే చన్నీళ్ళు చిలకరించి అణచడం రోజూ ఇంట్లో చూసే మాకు ఇది తలకిందుల వ్యవహారంగా తోచింది. ఎట్లా జరిగిందో ఆవిడ వెంటనే చెప్పలేదు. ముందు వరసలో కూర్చున్న నన్ను పిలిచి సీసాను తాకి చూడమంది. నేను భయపడుతూనే అరచెయ్యి ఆనించాను. అప్పటికి నాలుగైదుసార్లు చన్నీళ్ళు పోసి ఉండడం వల్ల సీసా కేవలం వెచ్చగా ఉంది, బాలింతకు పోసే నీళ్ళంత వేడి కూడా లేదు. నా చేతికి అంత వెచ్చగా తగులుతూనే, నా కళ్ళముందే నీళ్ళు తెర్లుతున్నాయి. లోపలి ఆవిరి చల్లబడి నీళ్ళయిపోతుందనీ, అప్పుడు లోపల ఒత్తిడి తగ్గిపోతుందనీ, నీళ్ళను అణచిపట్టే ఒత్తిడి తగ్గితే అవి కొద్ది వేడికే కాగుతాయనీ ఆవిడ ఆ తరువాత చెప్పింది. పాఠం అర్థమైంది చెవులతో కాదు, అరచేతితో. ఆ రోజే నేను సైన్సు టీచరునవుతానని నిశ్చయించుకున్నాను. నా క్లాసులో ప్రతి పిల్లా వచ్చి ఆ సీసా మీద చెయ్యి పెట్టాలి, అంతకుమించి నాకు ఏ ఆశా లేదు.

మా నాయనకు ఇది నచ్చలేదు. తిరుపతిలో హాస్టల్లో పెట్టి ఫిజిక్సుతో బి.ఎస్‌సి. చదివించినవాడు, నేను బ్యాంకు పరీక్ష రాస్తాననుకున్నాడు. "ఫ్యాను కింద కూసోని చేసే పని ఇడిసిపెట్టి, బస్సుల్లో ఊరూరికీ పొయ్యి పిల్లోళ్ళ మీద అరిసేదేంది మే నీకు?" అని ఆరు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. ఆ మౌనంలోనే బి.ఎడ్. ముగించాను. డెబ్భైల నడుమ ఎప్పుడో ఆర్డరు వచ్చింది. పూతలపట్టు కూడలిలో బస్సు దిగి, చెరుకుతోటల మధ్య నడిచిపోయే ఒక ఊరు. దాని పేరు రాయను, ఆ ఊరి మీద నాకు పెద్ద కోపం లేదు.

ఆర్డరులో భౌతికశాస్త్రం టీచరని ఉంది. హెడ్మాస్టరు దాన్ని చదివి, మడిచి, టేబులు మీద పెట్టి, దానిమీద తన కళ్ళజోడు పెట్టాడు. పెద్ద పొట్ట, ఇస్త్రీ నలగని తెల్లబట్టలు, పక్కా మర్యాదస్తుడని జిల్లా అంతా పేరు. "పదో తరగతికి మగోళ్ళం మేముండాం గదమ్మా. నువ్వు ఆరూ ఏడూ సూసుకో, ఆడపిల్లోళ్ళకు కుట్టుపని నేర్పించు. రేపు పెండ్లయినాక వాళ్ళకూ పనికొస్తాది, నీకూ పనికొస్తాది" అన్నాడు. పదో తరగతి ఫిజిక్సు ఆయనే చెప్పేవాడు. చెప్పేవాడంటే, ఏళ్ళనాటి నోట్సు పట్టుకుని చదివితే పిల్లలు రాసుకునేవాళ్ళు. 'పటంలో చూపినట్లు' అని కూడా చదివేవాడు, పటం గీసేవాడు కాదు. పిల్లలు ఆ మాట కూడా బుద్ధిగా రాసుకునేవాళ్ళు.

స్టాఫురూములో మిగిలిన మాస్టర్లంతా మగవాళ్ళే. వాళ్ళు నన్ను ద్వేషించారనడం అబద్ధమవుతుంది, ద్వేషించడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. వాళ్ళ ఓపికంతా వేరుశనగ ధరల మీదా, పాడి ఆవుల మీదా ఖర్చయిపోయేది. నేను లోపలికి రాగానే మాటలు ఆపేసి, కూర్చోగానే కిటికీవైపు తిరిగేవాళ్ళు. నేను ఆ కిటికీ పక్క బెంచీ మీదే కూర్చోవడం మొదలుపెట్టాను.

ఇక బీరువా సంగతి. సైన్సు సామాను హెడ్మాస్టరు గదిలో ఒక ఇనుపబీరువాలో ఉండేది. అద్దాలు, అయస్కాంతాలు, త్రాసు, పట్టకం, గాజుసామాను, అన్నీ పైనుంచి వచ్చినవి వచ్చినట్టు వరిగడ్డిలోనూ దూదిలోనూ చుట్టి పెట్టారు. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. "ముట్టుకోబాకమ్మా. పగిలితే యెవురు సమాధానం సెప్పేది?" నేను చెప్తానన్నాను. నా జీతంలో పట్టుకోమన్నాను. ఆయన నవ్వి పంచాంగం తీసుకున్నాడు.

సరే, నాకిచ్చింది కుట్టుపని కదా అని, నేను సూదులతోనే మొదలుపెట్టాను. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు గ్లాసెడు నీళ్ళ మీద సూదిని తేల్చి చూపించాను. సంతలో కొన్న అయస్కాంతంతో సూదిని రుద్ది, దారానికి కట్టి వేలాడదీస్తే అది ఉత్తరానికి తిరిగి నిలబడుతుందని చూపించాను. అట్టముక్కకు సూదితో బెజ్జం పొడిచి, దానిలోంచి వచ్చిన వెలుతురుతో కిటికీ బయటి వేపచెట్టును గోడ మీద తలకిందులుగా నిలబెట్టాను. ఆ పిల్లలు మధ్యాహ్నం అన్నం డబ్బాలు కూడా తెరవకుండా నా చుట్టూ మూగేవాళ్ళు. హెడ్మాస్టరు చెవిన పడటానికి ఎంతోకాలం పట్టలేదు. క్లాసు వాకిట్లో నిలబడి, గ్లాసులో తేలుతున్న సూదిని చూసి, అటెండరును పిలిచి గ్లాసులన్నీ ఎత్తించేశాడు. అయస్కాంతం ఆయన జేబులోకి పోయింది. అది నా సొంతం, నాకు తిరిగి రాలేదు. ఆ సాయంత్రం బస్సులో చిత్తూరు దాకా పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను, పక్కన కూర్చున్నామె నాకు పంటినొప్పి అనుకుని లవంగం ఇచ్చింది.

మన పక్క ఆయుధపూజ ఎట్లా చేస్తారో మీకు తెలుసు. నాగలి మొదలు కొడవలి దాకా, లారీ మొదలు త్రాసు దాకా, ఎవరి బతుకు దేనితో సాగుతుందో దాన్ని కడిగి, గంధం కుంకుమ పెట్టి పూజ చేస్తారు. బడిలో కూడా చేసేవాళ్ళు. సెలవులే అయినా బొరుగులూ బెల్లమూ పంచుతారని పిల్లలూ, పూజ అని ఊరివాళ్ళూ వచ్చేవాళ్ళు. ఏడాదికి ఆ ఒక్కరోజే హెడ్మాస్టరు బీరువా తెరిచేవాడు. అటెండరు సామానంతా తీసి బల్లమీద పేర్చి, దేన్నీ వదలకుండా బొట్లు పెట్టేవాడు. భూతద్దం మధ్యలో కుంకుమ, పట్టకానికి మూడుపక్కలా గంధం, థర్మామీటరుకు పసుపు. ఆ బల్ల చివర దూదిలోంచి బయటపడిన గుండ్రటి గాజుసీసాను చూశాను. మా టీచరమ్మ చేతిలో చూసినటువంటిదే. ఒక్కసారి కూడా నీళ్ళు తగలనిది. దాని కడుపు మీద మూడు అడ్డగీతల విభూతి, నడుమ కుంకుమ.

అక్కడే నాకు ఆలోచన తట్టింది. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు విజయదశమినాడు ఒక్కసారైనా వాడాలి, ఇది మన ఆచారం. రైతు ఒక్క సాలైనా దున్నుతాడు, నగరిలో నేతగాళ్ళు నాలుగు పోగులైనా నేస్తారు, బండివాళ్ళు ఊరిచుట్టూ తిప్పుకొస్తారు. హారతి అయిపోయి అందరూ కళ్ళకద్దుకుంటూ ఉండగా, పంచాయతీ ప్రెసిడెంటు వినేటట్టుగా, అతి వినయంగా, రేపు ఈ సామానుతో ఏ పని చేస్తారని హెడ్మాస్టరును అడిగాను. ఆయన మొహం చూడాలి. ప్రెసిడెంటు చెరుకు రైతు, పద్ధతి తప్పితే ఒప్పుకునే మనిషి కాదు. "అవునప్పా, పూజ సేసిన మడకనే మేము దున్నకుండా ఊరకే పెట్టం. సదువులమ్మ ముందర పెట్టింది వాడకుండా తాళమేస్తే అరిష్టం గాదా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఔనన్నారు. మొలతాడు పట్టుకున్న హెడ్మాస్టరు చెయ్యి మొలతాడు మీదే ఉండిపోయింది.

మర్నాడు మొదటి బస్సుకే వెళ్ళాను. రబ్బరు బిరడా, ఇనుపవల నా సంచిలో ఉన్నాయి. టీకొట్టు ఆయన పంపుస్టవ్వు ఇచ్చాడు. బడి వరండాలో బల్ల వేశారు, ముందు పదో తరగతి మగపిల్లలు, పక్కగా నా ఆడపిల్లలు, వాళ్ళ వెనక ఊరు. సీసా మీది విభూతి తుడవబోతే వెనకనించి "బొట్టు తుడస్తావేందమ్మా" అని ఎవరో గొణిగారు. కుంకుమ ఒక్కటి వదిలి తక్కినది తుడిచాను. ఆ సీసా పగిలితే ఈ జన్మకు మళ్ళీ బీరువా తెరవరని తెలుసు. నీళ్ళు తెర్లాయి, దించాను, బిరడా బిగించాను, గుడ్డతో పట్టుకుని తలకిందులు చేశాను. చప్పుడు ఆగిపోయింది. చెంబుతో చన్నీళ్ళు పోశాను.

గళగళమని లేచాయి నీళ్ళు. మళ్ళీ పోస్తే మళ్ళీ లేచాయి. నేను పిల్లలవైపు తిరిగి, ఒక్కొక్కరే వచ్చి తాకి చూడండి, తరువాత చెప్తాను అనబోయాను. నోరు తెరిచేలోగా ముందుకొచ్చిన ఒక ముసలామె రెండు చేతులూ జోడించి "సరసోతమ్మ తల్లీ" అని మోకాళ్ళ మీద పడింది. అంతే. ఎవరో టెంకాయ కొట్టారు. ఎవరో కర్పూరం వెలిగించారు. గాలి ఒత్తిడి, ఆవిరి, చల్లబడటం అని నేను అరుస్తూనే ఉన్నాను, ఆ కేకలు గోవిందల్లో కలిసిపోయాయి. అంతవరకూ స్తంభానికి ఆనుకుని నిలబడిన హెడ్మాస్టరు అప్పుడు కదిలాడు. నింపాదిగా వచ్చి, కర్పూరం పళ్ళెం అందుకుని, నా ముందు నిలబడి, నా చేతిలో ఉన్న సీసాకు ఆయనే హారతి ఇచ్చాడు. ఇచ్చి, ఊరివైపు తిరిగి, "సూసినారు గదా, అమ్మవారు దీంట్లో ఉండాది. ఇంక దీన్ని ఎవురూ ముట్టుకోకూడదు" అన్నాడు. పట్టుగుడ్డ తెప్పించి, సీసాను నా చేతుల్లోంచి తీసుకుని, చుట్టి, లోపలికి తీసుకుపోయాడు. ఒక్క పిల్ల కూడా తాకలేదు.

ఊరివాళ్ళను నేను ఒక్క మాట అనను. వాళ్ళకు తెలియదు, కనుక దండం పెట్టారు. హెడ్మాస్టరు ఫిజిక్సు చదివినవాడు. ఆ నీళ్ళు ఎందుకు కాగాయో నాకెంత తెలుసో ఆయనకూ అంత తెలుసు. తెలిసి దండం పెట్టించాడు. ఇప్పటికీ చల్లారని నా కోపం ఇక్కడే ఉంది.

సెలవుల తరువాత కుట్టుపని పీరియడులో ఒక పిల్ల లేచి, "టీచర్, నీళ్ళు కాగబెట్టింది అమ్మవారా, మీరా?" అని అడిగింది. మా ఇద్దరిలో ఎవరమూ కాదని చెప్పి, బోర్డు మీద సీసా బొమ్మ గీసి, ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా వాకిట్లో తెల్లబట్టలు కనబడ్డాయి. నేను ఆపలేదు, ఆయన వింటుండగానే చివరిదాకా చెప్పి, బొమ్మ చెరపకుండా బయటికి వచ్చాను. టీచరమ్మ అమ్మవారిని తక్కువచేసి మాట్లాడుతోందని ఊళ్ళో పుకారు పుట్టింది, ఎవరు పుట్టించారో నేను చెప్పనక్కరలేదు. మూడు నెలలు తిరక్కుండానే నగరి వైపు బదిలీ అయ్యాను.

అక్కడి బడిలో వీధి పొడుగునా మగ్గాల మోత, సగం తమిళం మాట్లాడే పిల్లలు, దేని మీదా ఆసక్తి లేని హెడ్మాస్టరు. తాళంచెవి అడిగితే, తనకు ఒక బరువు తగ్గిందన్నట్టు గుత్తి మొత్తం నా ముందు పడేశాడు. ఆ ఉదాసీనతకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఎనభైల చివరిదాకా అక్కడే పదో తరగతికి ఫిజిక్సు చెప్పాను. ఎన్ని సీసాలు పగిలాయో నాకు లెక్కలేదు. నా దగ్గర చదివి, చెయ్యి పెట్టి చూడని పిల్ల లేదు, పిల్లవాడు లేడు.

నిన్న సాయంత్రం మా మేనకోడలి మనవరాలు తన ఫోనులో ఇదే ప్రయోగం చూపించింది. రంగు నీళ్ళు, మంచి వెలుతురు, వెనకనించి సంగీతం. సీసాను ముట్టుకుంటే ఎట్లుంటుందని అడిగితే ఆ పిల్ల తెర మీద వేలు పెట్టి చూసి, "ఫోనే కాలతా ఉండాది జేజీ" అంది. అప్పుడు లేచి నేనే ప్లీడరుకు ఫోను చేశాను. వస్తానన్నాను. నీళ్ళు కాగబెట్టింది ఎవరో కూడా చెప్పాను. పాపం, వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేను ఎనక నిలబడుంటిని టీచర్, నాకు సార్ హారతి ఇచ్చేదే కనపడింది" అన్నాడు. సరే, పేరు ఎవరిదైనా పెట్టుకోండి, నాకు మైకూ శాలువా వద్దు, ఆ సీసా, ఒక పొయ్యి, చెంబెడు చన్నీళ్ళు, పదో తరగతి పిల్లలు ఉంటే చాలు, వాళ్ళు వచ్చి తాకుతారు అన్నాను.

వాడు, ఎంతో మెత్తగా, పెద్దవాళ్ళకు నచ్చచెప్పే గొంతుతో, "దాన్ని గాజుపెట్టిలో పెట్టేసినాం టీచర్. అంత పాతది ముట్టుకోకూడదు. పగిలితే యెవురు సమాధానం సెప్పేది?" అన్నాడు.

ఆ రోజుల్లో ఈ మాట అనడానికి మొలతాడుకు తాళంచెవి కట్టుకున్న ఒక మనిషి ఉండేవాడు, ఆయన మీద పళ్ళు కొరుక్కుంటూ నేను ఇన్నేళ్ళు బతికాను. ఇప్పుడు బడికి ల్యాబు ఉంది, బల్లలున్నాయి, బీరువాలకు తాళాలు కూడా లేవట. ఆ మాట మాత్రం, ఆ రోజు ఎవరి చెయ్యి సీసా మీద పెట్టించాలని నేను అంత పాటుపడ్డానో ఆ పిల్లవాడి నోటినుంచే వచ్చింది. వాడి మీద నాకు కోపం రాలేదు. చాలాసేపు ఫోను పట్టుకునే కూర్చున్నాను, రాలేదు.